మూరెడు వాటం

నీరు నిలవకుండా తీర్చిన ఒక ప్రసూతి ఆసుపత్రి ఆవరణను, చదునుగా లేదన్న కారణం చూపి, నీరు నిలిచేలా మార్చారు. దానిని తీర్చిన మనిషికి పని చేతకాదని కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు. ఆ తప్పును దిద్దగల మనిషీ, అందుకు కావలసిన పనిముట్లూ ఆసుపత్రికి నాలుగు వీధుల అవతలే ఉన్నా, గేటు దాటనివ్వడం లేదు. ఇది ఎవరో చెప్పుకుంటున్న మాట కాదు. ప్రతి మెట్టుకూ కాగితం ఉంది, ప్రతి కాగితం మీదా తేదీ ఉంది.

ఆ మనిషిని పేట మొత్తం వాటం మామ అంటుంది. వాన నీరు తనంతట తానే కాలువ దారి పట్టేలా నేలకు ఇచ్చే సన్నని వాలును పనివాళ్ళు వాటం అంటారు. కట్టేవాళ్ళు ఇల్లు కట్టి వెళ్ళిపోయాక మిగిలే మట్టి గుట్టలూ, గుంతలూ, ఇటుక ముక్కలూ ఉన్నచోట మనిషి నడిచే నేలను తయారుచేయడం ఆయన వృత్తి. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు గోడలను మెచ్చుకుంటారు, కిటికీలను మెచ్చుకుంటారు. కాలి కింద నేలను మెచ్చుకున్నవాళ్ళను ఆయన తన అరవై ఏడేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టగలడు. అందుకు ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. "నేల సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదంటే నా పని కుదిరిందన్నమాట" అనేవాడు.

ఈ పేరు ఆయనకు గెలుపు వల్ల రాలేదు, ఓటమి వల్ల వచ్చింది. పాతికేళ్ళ వయసులో, ఇంకా పారా తట్టా తప్ప వేరే ఆస్తి లేని రోజుల్లో, ఒక చిన్న బడి ఆవరణను బాగుచేసే పని దొరికింది. ఆరు రోజులు పారతో చెక్కి, మొద్దు పలకకు తాడు కట్టి ఈడ్చి, అద్దంలా తీర్చాడు. గోళీ పెడితే కదలలేదు. చూసినవాళ్ళంతా శెభాష్ అన్నారు. వారం తిరక్కుండా వాన పడింది. మర్నాడు పొద్దున పెద్ద పంతులుగారు చెప్పులు చేత పట్టుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎత్తుకుని తరగతికి వెళ్ళవలసి వచ్చింది. కొత్తగా పెళ్ళయిన రోజులవి. భార్య గట్టున నిలబడి ఆ నీటిని కాసేపు చూసి, మొగుడి మొహం కాసేపు చూసి, "నేల చదును చెయ్యమన్నారా, చెరువు తవ్వమన్నారా?" అని మాత్రం అడిగింది. ఆ మాట నలభై రెండేళ్ళుగా ఇంట్లో వాడుకలో ఉంది. కూరలో నీళ్ళు ఎక్కువైతే ఆయన ఆమెను అదే ప్రశ్న అడుగుతాడు.

ఆ రోజు నుంచి ఆయన చదును అనే మాటను మంచి మాటగా వాడలేదు. "చదునైన నేల సోమరి నేల. నీళ్ళొస్తే ఎటు పొమ్మనాలో దానికే తెలీదు" అనేవాడు.

ఆయన అందరికీ మామ కనుక ఆయన భార్య అందరికీ అత్త అయింది. ఆయన పనిలో ఆమెకు ఉన్న వాటా తక్కువది కాదు. ఏ ఆవరణ పని ముగిసినా, పనిముట్లు విప్పే ముందు అత్త చెప్పులు విడిచి ఆ మూల నుంచి ఈ మూలకు నడిచేది. కంటికి కనబడని పల్లం ఆమె అరికాలికి తెలిసేది. "ఇదిగో, ఇక్కడ కాలు కాస్త తూలుతోంది" అంటే మామ మారుమాట్లాడకుండా మళ్ళీ ట్రాక్టరు ఎక్కేవాడు. ఆ తరువాత గోడ వారన రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి, ఇంటివాళ్ళను కూడా పిలిచి, అవి ఎటు పోతాయో చూసేవారు. నీరు ఎక్కడా తడబడకుండా కాలువ చేరితేనే పని అయినట్టు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని పెద్దలు అన్నారు. దేవుడి దాకా ఎందుకని మామ రెండింటికీ నీళ్ళనే సాక్ష్యం పిలిచేవాడు.

ట్రాక్టరు వచ్చింది ముప్పై ఒక్క ఏళ్ళ కిందట. ఒక పండ్ల తోటలో వాడి వదిలేసినది. మామూలు ట్రాక్టరులో సగం ఉంటుంది. చెట్ల మధ్య తిరగడానికి చేసినది. అత్త దాన్ని చూడగానే "ఇంతేనా, ఇంకా పెరుగుతుందా?" అంది. అప్పటి నుంచి దాని పేరు బుడ్డది. వెనక తగిలించే పనిముట్లు కొనడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆ మధ్యాహ్నాన్ని ఆయన ఇప్పటికీ పూస గుచ్చినట్టు చెబుతాడు. రేకుల కప్పు కింద వరసగా ఎర్రరంగు, పచ్చరంగు ఇనుము. కొత్త రంగు వాసన. చేతిలో టీ గ్లాసుతో దుకాణదారు.

"రండన్నా, ఈ ముందు బకెట్టు చూడండి. మట్టి ఎత్తొచ్చు, పోయొచ్చు. ఇది ఉంటే మీకు పేటలో ఎదురుండదు."

"ఎత్తి ఎక్కడ పోస్తాడన్నయ్యా?" అంది అత్త. "ఉన్న మట్టిని ఉన్నచోటే సర్దడం ఈయన పని. సంసారం లాంటిదే."

దుకాణదారు నవ్వి, దుకాణంలో అన్నిటికంటే వెడల్పైన బ్లేడు దగ్గరకు తీసుకెళ్ళాడు. "అయితే ఇది తీసుకో చెల్లెమ్మా. ఆరడుగులు. ఒక్కసారి అటూ ఇటూ వెళ్తే సగం పని అయిపోయినట్టే."

మామ దాన్ని జానలతో కొలిచి తల అడ్డంగా ఊపాడు. "దీన్ని బుడ్డది లాగదు. ఇదే బుడ్డదాన్ని లాగుతుంది. నాకు చక్రాల కంటే బెత్తెడు వెడల్పుంటే చాలు. అంతకు తక్కువైతే మా చక్రాల జాడ మేమే చెరుపుకోలేం. ఎక్కువైతే మెట్ల పక్కన, మూలల్లో తిరగదు."

చివరకు ఎంచుకున్నవి మూడు. మొదటిది పెట్టె బ్లేడు: వెనకా పక్కలా గోడలున్న మూత లేని పెట్టె లాంటిది, ముందు వరసలో నేలను గీకే ఇనుప పళ్ళు. ఎత్తుగా ఉన్నచోట మట్టిని తీసుకుని, పొట్టలో పెట్టుకుని, పల్లం వచ్చినప్పుడు వదులుతుంది. రెండవది దంతె: వంపు తిరిగిన సన్నని పళ్ళతో రాళ్ళనూ వేళ్ళనూ ఏరి పక్కకు చేర్చి, పైమట్టిని దువ్వెనతో దువ్వినట్టు దువ్వుతుంది. మూడవది రోలరు. పేచీ అంతా దాని దగ్గరే వచ్చింది. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి గట్టి ఇనుప దిమ్మ. రెండవది డొల్ల, కావలసినంత నీరు పోసి బరువు పెంచుకోవచ్చు, ఒంపి తగ్గించుకోవచ్చు.

"డొల్లది తీసుకో" అంది అత్త. "అన్ని నేలలూ ఒక్కలా ఉంటాయా?"

"డొల్ల వస్తువు నాకెందుకు? గట్టిదే ఇవ్వన్నా" అన్నాడు మామ, మగవాడి పంతంతో.

నెల తిరిగేసరికి గట్టి దిమ్మ తన గుణం చూపించింది. బంకమట్టి మీద కాస్త చెమ్మ ఉండగా నడిపితే పైపొర పెంకులా బిగుసుకుపోయి, నీరు ఇంకక అక్కడక్కడ మడుగులు కట్టింది. తిరిగి దుకాణానికి తీసుకెళితే దుకాణదారు మామను పలకరించలేదు. "ఏం చెల్లెమ్మా, మొదట నువ్వు చెప్పినదే ఇవ్వమంటావా?" అని నేరుగా అత్తనే అడిగాడు. ఇప్పటికీ మామ ఎన్ని గొప్పలు చెప్పినా అత్త "రోలరు కూడా చెప్పు" అంటుంది. ఆయన చెప్పక తప్పదు.

ఆ పనిముట్లతో చేసిన మొదటి పెద్ద పని ఈ ప్రసూతి ఆసుపత్రి ఆవరణే. అటు గేటు, ఇటు కాన్పుల వార్డు వసారా. వసారా నుంచి గోడ పక్క కాలువ దాకా వంద అడుగులు. నొప్పులతో వచ్చే ఆడవాళ్ళను నాలుగు చిన్న చక్రాల బండి మీద పడుకోబెట్టి ఈ నేల మీదుగానే వార్డుకు తోసుకుని వెళ్ళాలి. నేల వాలి ఉండాలి, బండి కుదపకూడదు. వసారా దగ్గర నుంచి కాలువ దాకా మామ మొత్తం మూరెడు వాటం పెట్టాడు. అంటే ఆరడుగులు నడిస్తే అంగుళం పైచిలుకు. "కాలికి తెలియకూడదు, నీటికి తెలియాలి" అన్నాడు. ట్రాక్టరుకూ బ్లేడుకూ మధ్య పైన ఒక మరల కడ్డీ ఉంటుంది. అరచుట్టు బిగిస్తే బ్లేడు ముందుకు వంగి మట్టిని కొరుకుతుంది. అరచుట్టు వదిలితే వెనక్కి వాలి మట్టిని నిమురుతుంది. రోజంతా ఆ అరచుట్టు దగ్గరే ఆయన చెయ్యి ఉండేది.

పని ముగిసిన రోజు, ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఒక నర్సు వసారా దిగి వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. "అత్త నడిచి చూస్తే సరిపోదు మామా. మా వాళ్ళు నడవరు" అని, ఆ చక్రాల బండి మీద తానే ఎక్కి పడుకుంది. "తొయ్యండి, కళ్ళు మూసుకుంటాను."

ఇద్దరు ఆయాలు పకపకా నవ్వుతూ గేటు నుంచి వార్డు దాకా తోశారు. రెండుచోట్ల ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తింది. "ఇక్కడ నడుముకు తగిలింది." మామ ఆ రెండుచోట్లా సుద్ద గీతలు గీసి, మళ్ళీ దంతె తగిలించాడు. మూడోసారి తోసినప్పుడు ఆమె వార్డు దాకా చెయ్యి ఎత్తలేదు. వసారా దగ్గర బండి ఆగాక కూడా లేవలేదు. అలిసిపోయిన పిల్ల, నిజంగానే నిద్రపోయింది. అత్త ఆయాలను ఉష్ అని, "పది నిమిషాలు పడుకోనివ్వండి, పాపం" అంది. మామకు ఏ అధికారి నుంచీ మెప్పు పత్రం రాలేదు. వస్తే మాత్రం ఆ నిద్ర కంటే పెద్ద పత్రం ఏముంటుంది?

ఆ నేల ఇరవై తొమ్మిదేళ్ళు నిలిచింది. ఎన్ని వానలు పడ్డా అరగంటలో ఆరిపోయేది. ఆసుపత్రి మరమ్మతుల రిజిస్టరులో గోడలకు సున్నాలు ఉన్నాయి, తలుపులకు గొళ్ళాలు ఉన్నాయి. ఆవరణ పేరుతో ఒక్క నమోదు కూడా లేదు.

కిందటి ఏడు కొత్త నీటి గొట్టాల కోసం ఆవరణను అడ్డంగా నాలుగుచోట్ల తవ్వి, మట్టిని ఎలా పడితే అలా కప్పి వెళ్ళిపోయారు. అప్పటి కొత్త నర్సు ఇప్పుడు పెద్ద నర్సమ్మ. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం మారలేదు. ఆమె కబురు పంపింది. "మామా, నీ నేలను నువ్వే చూసుకో. వేరేవాళ్ళ చేత చేయిస్తే నాకు నిద్ర పట్టదు."

ఆయన మోకాళ్ళు అప్పటికే సహకరించడం మానేశాయి. బుడ్డది కూడా పొద్దున్నే దగ్గి దగ్గి గానీ లేవడం లేదు. అయినా వెళ్ళాడు. తవ్వి కప్పిన మట్టి పైకి బాగానే కనబడి తరువాత కుంగుతుంది. కనుక ముందు నాలుగు కందకాలనూ నీటితో తడిపి, రెండు రోజులు ఆగి, కుంగినంత కుంగనిచ్చి, మళ్ళీ నింపాడు. తరువాత పెట్టె బ్లేడు, దంతె, సగం నీటితో రోలరు. తొమ్మిది రోజులు పట్టింది. అత్త మోకాళ్ళ నొప్పితోనే, పెద్ద నర్సమ్మ చెయ్యి పట్టుకుని, చెప్పులు లేకుండా ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. ఎక్కడా ఆగలేదు. ఇదే ఆఖరు పని అని, దీని తరువాత బుడ్డదాన్ని కదపనని మామ ఇంట్లో చెప్పి ఉన్నాడు.

పదో రోజున తనిఖీ అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, మోటారు సైకిలుకు ఆరడుగుల అల్యూమినియం బద్ద కట్టుకుని వచ్చాడు. బద్ద మీద, గాలిబుడగతో మట్టం చూపే రసమట్టం పెట్టి, వంగి, లేచి, మరోచోట పెట్టి చూశాడు.

"పెద్దాయనా, బుడగ మధ్యలో ఉండాలి కదా? ఎక్కడ పెట్టినా ఒకవైపే పోతోంది."

"అవును బాబూ. ఎక్కడ పెట్టినా ఒకవైపే పోవాలి. పనంతా అదే."

"ఫారంలో ‘నేల సమతలముగా ఉన్నదా’ అని అడుగుతోంది. అవును అని గానీ కాదు అని గానీ రాయాలి."

"నిజం రాయండి. సమతలంగా లేదని రాయండి. ఉండకూడదని కూడా రాయండి."

కుర్రవాడు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండోది రాయడానికి గడి లేదండీ."

"అయితే మొదటిదే రాయండి. మీ పైవాళ్ళకు ఆ మాత్రం తెలియదా?"

మామ జీవితంలో చేసిన పొరపాట్లలో బడి ఆవరణ మొదటిది, గట్టి రోలరు రెండవది. ఇది మూడవది. పైవాళ్ళకు ఆ మాత్రం తెలుసునని నమ్మి, తన మీద తీర్పును తన నోటితోనే రాయించాడు.

పదిహేడు రోజుల తరువాత కాగితం వచ్చింది. మామకు ప్రభుత్వ భాష కొరుకుడు పడదు. అత్త తమ్ముడు ఒక కార్యాలయంలో రికార్డుల గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విరమించినవాడు. తన పెళ్ళి శుభలేఖకు కూడా వరస సంఖ్య వేసి దాచినవాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు.

"బావా, మనసు గట్టి చేసుకో. ‘నేల సమతలముగా లేనందున, పనిలో నైపుణ్యము కొరవడినట్లు స్పష్టమగుచున్నది.’ నాలుగో పేరా."

"అంటే?"

"చేతకాదని."

"ఆ మాటే రాశారా?"

"వాళ్ళు ఆ మాట రాయరు బావా. మర్యాదస్తులు. ఇంకా ఉంది. ఆమోదిత పనివారి జాబితా నుంచి నీ పేరు తీసేశారు. జాబితాలో లేనివాళ్ళు ప్రభుత్వ ఆవరణల్లోకి యంత్రాలు తీసుకురాకూడదు. ఆసుపత్రి నేలను పెద్ద యంత్రంతో సమతలం చేయిస్తారట."

మామకు పేరు పోయిందన్న బాధ రెండవది. ఆయన తల ఎత్తి మొదట అన్న మాట వేరు. "నేలను గీకేస్తారా? బామ్మర్దీ, ముందు అది ఆపాలి. నా సంగతి తరవాత."

అత్త లోపల నుంచి వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, ఈయనకు చేతకానివి నూట ఎనిమిది ఉన్నాయి. లెక్క చెప్పమంటే నేను చెబుతాను. అందులో ఇది లేదని రాసి పట్టుకెళ్ళు."

మర్నాడు ముగ్గురూ కార్యాలయానికి వెళ్ళారు. విభాగాధికారి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, చివరి దాకా విన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. అదే ఇందులోని అసలు బాధ.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఫారంలో ‘కాదు’ అని ఉంది. ‘కాదు’ అని ఉంటే ఏం చెయ్యాలో నియమం ఉంది. నేను నియమం దాటలేను కదా?"

"దాటొద్దండి" అన్నాడు మామ. "గడప దాటండి చాలు. అరగంట రండి. రెండు బిందెల నీళ్ళు పోసి చూపిస్తాను. నీళ్ళు నిలిస్తే నా బండి మీరే అమ్మేయండి."

"నీళ్ళు పోసి చూడడం తనిఖీ పద్ధతుల్లో లేదు పెద్దాయనా."

"మరి వాన వస్తుందిగా బాబూ" అంది అత్త. "దానికి మీ పద్ధతులు చెప్పి పంపిస్తారా?"

అధికారి నవ్వు ఆపుకున్నాడు. అభ్యర్థన తీసుకుని, తేదీ ముద్ర వేసి, నకలు ఇచ్చాడు. ఆ నకలు భద్రంగా ఉంది. దానికి నేటి దాకా జవాబు లేదు.

గోటితో పోయేదానికి గొడ్డలి వచ్చింది. పెద్ద యంత్రం గేటులో పట్టక, ఒక పక్క స్తంభం పడగొట్టి లోపలికి తీసుకెళ్ళారు. మామ రోడ్డు అవతల నిలబడ్డాడు. యంత్రం నడిపేవాడు దిగి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నేలను ఒకసారి పరికించి, నేరుగా ఆయన దగ్గరకే వచ్చాడు. పనివాళ్ళను పనివాళ్ళు పోల్చుకుంటారు.

"మామా, ఇది చేసింది నువ్వేనా? బాగానే ఉందిగా. ఎందుకు గీకమన్నారు?"

"నన్నడిగితే నేనేం చెప్పను అబ్బాయ్? కాగితాన్ని అడుగు."

"అడిగాను. గీకమంది."

తొమ్మిది రోజుల పని రెండు గంటల్లో పోయింది. అది తొమ్మిది రోజులది మాత్రమే కాదు. ఎర్రరంగు ఇనుము మధ్య టీ గ్లాసుతో నవ్విన దుకాణదారు, వెనక్కి వెళ్ళిన ఇనుప దిమ్మ, సుద్ద గీతలు, బండి మీద నిద్రపోయిన పిల్ల, అప్పుడు నొప్పిలేని అత్త పాదాలు — ముప్పై ఏళ్ళు ఆ నేలలో ఉన్నాయి. యంత్రం ఒక పక్క నుంచి వాటిని చెక్కుకుంటూ పోతుంటే మామ కదలకుండా చూశాడు. అత్త ఇంటికి రమ్మని పిలిస్తే, "ఉండవే, ఎక్కడెక్కడ ఎంత తీస్తున్నాడో గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ పెట్టాలి కదా" అన్నాడు.

యంత్రం గీకి వెళ్ళిన పన్నెండో రోజు మధ్యాహ్నం వాన పడింది. గంటన్నర పడి ఆగింది. నీరు ఆగిపోయింది, ఎటూ పోలేదు. గేటు నుంచి వార్డు దాకా చీలమండల లోతు. వసారా మొదటి మెట్టు దాకా వచ్చింది. నర్సులు ఇటుకలు పేర్చుకుని దాటారు. ఆ సాయంత్రం నొప్పులతో వచ్చిన ఒక ఆడమనిషిని తీసుకెళుతుంటే చక్రాల బండి మధ్యలో మెత్తని మట్టిలో కూరుకుపోయింది. నలుగురు ఆయాలు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని ఆమెను ఎత్తుకుని వెళ్ళారు. తల్లీ బిడ్డా క్షేమం. పెద్ద నర్సమ్మ ఆ విషయమంతా రెండు పేజీల్లో రాసి పైకి పంపింది. ఆమె రాసిన ఒక వాక్యం ఇది: "ఈసారి క్షేమము. ప్రతిసారీ నలుగురు ఆయాలు ఉండరు."

మామ ఆఖరు పని అన్న మాట పక్కన పెట్టాడు. తెల్లవారగానే బుడ్డదాన్ని బతిమాలి లేపి, పెట్టె బ్లేడు తగిలించుకుని, గేటు దగ్గరకు తెచ్చాడు. కాపలాదారు పరుగెత్తుకుని వచ్చాడు. అతని ఇంటి ముంగిలి కూడా మామ తీర్చినదే.

"మామా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు రా, టీ తాగు. బండి మాత్రం వద్దు. జాబితా గోడకు అంటించి ఉంది, నీ పేరు కొట్టేసి ఉంది. రానిస్తే నా పేరు కొట్టేస్తారు."

"పేరు కొట్టేసింది కాగితం మీదేరా. నీళ్ళు నిలిచింది లోపల."

"నాకు తెలీదా మామా? పొద్దున్నుంచి నా కాళ్ళు తడిగానే ఉన్నాయి."

మామ అతని కాళ్ళ వైపు చూశాడు, బండిని వెనక్కి తిప్పాడు. ఎవరి కడుపు కొట్టే అలవాటూ ఆయనకు లేదు.

ఆ వారంలోనే బావమరిది ఆసుపత్రి కార్యాలయం నుంచి తనిఖీ ఫారం నకలు సంపాదించాడు. భూతద్దం పెట్టి అడుగున ఉన్న సన్నని అక్షరాల వరసను చదివి, మళ్ళీ చదివి, బావను పిలిచాడు. అక్కడ ఇలా ఉంది: ‘భవనముల లోపలి గచ్చులకు మాత్రమే.’ ఆరుబయట నేలకు ఫారం లేదు. లేనందువల్ల గదుల గచ్చుకు అచ్చువేసిన ఫారాన్ని తెచ్చి వాన పడే నేల మీద పరిచారు. గదిలో నేల సమతలంగా ఉండాలి, నిజమే. గదిలో వాన కురవదు.

ఆ నకలుతో పాటు మరొకటి దొరికింది. పెద్ద యంత్రం పని మీద తయారైన తనిఖీ నివేదిక. నేల సమతలముగా ఉన్నదా? అవును. పని సంతృప్తికరము. దాని మీద ఉన్న తేదీ, వాన పడిన నాలుగో రోజు. ఆ రోజుకు ఆవరణలో నీరు ఇంకా నిలిచే ఉంది. నిలిచిన నీటి కంటే సమతలమైనది లోకంలో మరొకటి లేదు కనుక, ఆ నివేదికలో అబద్ధం లేదనే ఒప్పుకోవాలి.

రెండు నకళ్ళూ జతచేసి రెండవ అభ్యర్థన పెట్టారు. ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చింది. ఈ మధ్యలో, ఆఖరు పని అన్నా వినకుండా ఇంటి ముందు నేల బాగుచేయమని అడిగి ఉంచిన ఒక పెద్దమనిషి ఆ జాబితా చూసి, మర్యాదగా వద్దని కబురు పంపాడు. అత్త ఆ కబురు మోసుకొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపింది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో అలాంటి పూటలు ఎక్కువ లేవు.

అయ్యా, తనిఖీ చేసినవారూ, నియమం దాటలేనివారూ, ఆ ఫారాన్ని అచ్చువేయించినవారూ, మీలో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ లంచం తినలేదు, ఎవరూ పగబట్టలేదు. అందువల్ల మీలో ఎవరికీ ఇది తన తప్పు అనిపించడం లేదు. కానీ తప్పు జరిగింది, అది మీ బల్లల మీదే జరిగింది. ఆ మనిషి మిమ్మల్ని పరిహారం అడగడం లేదు, సన్మానం అడగడం లేదు. పెద్ద వానలకు ఇంకా అయిదు వారాలు ఉంది; ఆయనకు కావలసింది తొమ్మిది రోజులు. నాలుగో పేరాను అదే ఫైలులో, అదే పరిమాణం అక్షరాలతో, మీ సంతకాలతో కొట్టివేయండి. ఎందుకు కొట్టివేస్తున్నారో పక్కనే రాయండి. కొట్టివేసిన పేరును మళ్ళీ జాబితాలో చేర్చి, ఆ ఉత్తర్వును కాపలాదారు చేతికి మీరే స్వయంగా తెచ్చి ఇవ్వండి. తెచ్చినప్పుడు బూట్లు విప్పి, గేటు నుంచి కాన్పుల వార్డు దాకా ఒక్కసారి నడవండి. ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబు ఇప్పటికే ఒకటి దాచి ఉంది. రెండవది అక్కరలేదు. గేటు తెరవండి.